మధ్యాహ్నం పట్టని క్లచ్

ఇది ఇంక బాగుకాదమ్మా అని ఈ జక్కయ్య ఒక్క మాట అంటే చాలు, ఇంటికి పోయి పడుకుంటాను. ఆటోనగర్‌లో ఈ రేకుల షెడ్డు కింద, ఎవరి బండిలోంచో పీకి పక్కన పడేసిన వెనక సీటు మీద కూర్చుని, కొంగుతో విసురుకుంటూ నేను కోరుకుంటున్నది అదే. ఎదురుగా మా తెల్ల బండి బానెట్ ఎత్తి ఉంది. జక్కయ్య నడుం దాకా అందులోకి దూరాడు, నాకు కనపడుతున్నది అతని వీపూ, మడమల దగ్గర అరిగిన చెప్పులూ. ఈ బండి కొన్న దగ్గర్నుంచీ మెకానిక్కులందరూ నాకు వీపులుగానే పరిచయం. ముఖం చూసేది వాళ్ళు బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ తల అడ్డంగా ఊపినప్పుడే. ఇవాళ పొద్దున్నుంచి ఇద్దరు ఊపారు. ఒకతను ఏసీలో గ్యాసు అయిపోయిందన్నాడు, చూస్తే గ్యాసు నిండుగానే ఉంది. ఇంకొకతను ఎక్కడో వైరు తెగిందని చాలాసేపు వైర్లు పట్టుకుని లాగి, తల ఊపి, భోజనానికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఈయన మూడోవాడు. ఈయన కూడా కాదంటే ముగ్గురికి చూపించానండీ, నేనేం చెయ్యను, అని ఇంట్లో ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఆయన సరేలే అంటారు. ఆ సరేలే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అది విన్నాక మనసు కాసేపు పీకుతుంది, అయినా పడుకోగలను. ఇవాళ దేని మీదైనా పడుకోగలను.

ఆయన అంటే మా ఆయన, ఇశ్రాయేలు. పటమటలో మా అద్దె ఇంట్లో, ఒక్క గదిలో, ఒక్క మంచం మీద, మెడ కింద నుంచి కదలని మనిషి. ఇవాళ పొద్దున బ్యారేజీ దగ్గర డెల్టా కాలువలకు నీళ్ళు వదిలారు. టీవీలో చూపించారు, పూజలు, పసుపూ కుంకుమా, పూలూ, కొత్త చీర నీళ్ళలోకి జారవిడవడం, చప్పట్లు, గేటు చక్రం మీద పెద్దవాళ్ళందరి చేతులూ. చూసినంతసేపూ ఆయన కళ్ళార్పలేదు. చేతులెక్కడ పెట్టారో చూడు, అట్టా పట్టుకుంటే చక్రం తిరుగుద్దా, అని నవ్వారు. తర్వాత లెక్క మొదలుపెట్టారు. ఎండిన కాలువలో నీళ్ళు పరిగెత్తవు, నడుస్తాయి. మొదటి నీళ్ళను సగం నేలే తాగేస్తుంది, తాగినంత తాగి మిగిలింది ముందుకు వదులుతుంది, కాబట్టి పొద్దు వాలే వేళకు కంకిపాడు దాటి మా తూము దగ్గరికి వస్తాయి. ఇప్పటికీ మా తూము అనే అంటారు. ఆయన కాలువ మీద లష్కరుగా చేశారు. ఏ తూము తలుపు ఎంత ఎత్తాలి, ఎవరి చేనుకు ఎప్పుడు నీళ్ళు వెళ్ళాలి, గట్టు ఎక్కడ కారుతోంది, ఇవన్నీ చూసే ఉద్యోగం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా క్వార్టరు గట్టు మీదే ఉండేది. నీళ్ళు వచ్చే రోజు ఆయనకు అన్నం కూడా సహించేది కాదు. గట్టు మీద నిలబడిపోయేవారు. ముందు తెల్లటి నురగ గీత ఒకటి వస్తుంది, దానితో పాటు ఎండాకులూ, తెగిన చెప్పులూ, సీసాలూ, ఒకోసారి ఒక పామూ, వాటి వెనక మట్టి రంగు నీళ్ళు. తడిసిన నేల వాసన నీళ్ళకంటే ముందే వచ్చేస్తుంది. అది చూడాలి ఆయనకు. ఏడాది మొత్తం మీద నోరు తెరిచి అడిగేది అదొక్కటే. ముక్కు మీద దురద పెట్టినా గీకమని అడగరు, నేనే ముఖం చూసి కనిపెట్టి గీకాలి. ఏడాదికి ఒక్క కోరిక, అది కూడా నాకు బరువైపోయింది. ఇలా అనుకుంటున్నందుకు సిగ్గు కూడా వేయడం లేదు, సిగ్గుపడటానికి కూడా ఓపిక కావాలి కదా.

ఏసీ ఎందుకు సిస్టర్, అద్దాలు దించుకుంటే గాలి రాదా, అంటారు మా సంఘంలో వాళ్ళు. ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకు ఎక్కదు. మెడ విరిగినప్పుడు డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఈయనకు ఇంక ఒంటికి చెమట పట్టదమ్మా, మనకైతే చెమట పోసి ఒళ్ళు చల్లబడుతుంది, ఈయనకు తగిలిన వేడి తగిలినట్టు లోపలే ఉండిపోతుంది, కాసేపటికే ప్రాణం మీదికి వస్తుంది, ఎండాకాలం జాగ్రత్త అన్నారు. విజయవాడలో ఏ నెల ఎండాకాలం కాదో మాత్రం ఆయన చెప్పలేదు. గదికి ఏసీ పెట్టించాం. గవర్నర్‌పేట అంతా తిరిగి నీళ్ళ పరుపు కొన్నాను. ఆసుపత్రులకు తిప్పడానికి ఈ బండి తీసుకున్నాం, ఎనిమిది మంది పట్టే పాత డీజిల్ బండి. మేం కొనేనాటికే దీని ఈడు బళ్ళు చాలావరకు తుక్కుకు పోయాయి, కానీ వెనక తలుపు వెడల్పు, చెక్క పలక వేసి మనిషిని లోపలికి జరపడానికి వీలుగా ఉంటుంది. డ్రైవరును పెట్టుకునే తాహతు లేక నేనే నేర్చుకున్నాను. మూడో తరగతికి ఎక్కాలు చెప్పే దానమ్మ టీచరు సాయంత్రం పూట గ్రౌండులో గేర్లు విరగ్గొడుతుంటే మా బడి పిల్లలంతా గోడెక్కి చూసేవాళ్ళు. నీది గొప్ప సేవ సిస్టర్, ప్రభువు అన్నీ చూస్తున్నాడు, అంటారు ఆదివారం ప్రార్థన అయ్యాక నా చెయ్యి పట్టుకుని. చూస్తూనే ఉంటాడు, ఎందుకు చూడడు, ఆయనకు నిద్ర అక్కర్లేదు. నాకు కావాలి. చెయ్యి పట్టుకున్న ఆ అక్కయ్యలు ఇంటికెళ్ళి కోడికూరతో అన్నం తిని ఫ్యాను కింద రెండు గంటలు గుర్రుపెట్టి నిద్రపోతారు, ఆ సంగతి తలుచుకుంటేనే నాకు కడుపు మండుతుంది.

"అమ్మా, దీన్ని ఎవరన్నా కర్ర పెట్టి పొడిచారా?" అని జక్కయ్య బానెట్ లోపల్నుంచే అడిగాడు.

"నేనేనండీ," అన్నాను. "తెడ్డుతో."

వీపు కాస్తా ముఖమైంది. గడ్డం నెరిసి, చెవి దాకా గ్రీజు పులుముకుని ఉన్నాడు. "తెడ్డుతోనా? ఇంజను తిరుగుతుండగానా?"

"ఆగిపోయి ఉంటే పొడిచి ఏం లాభమండీ."

"చీర పట్టేసుకుంటే ఏమయ్యేదమ్మా?"

"బొడ్లో దోపుకునే పొడుస్తాను లెండి."

అతను నవ్వలేదు. పక్కనున్న పాత గుడ్డతో చేతులు తుడుచుకుని, టీచరుగారు మనల్ని జైలుకు పంపేట్టున్నారు, అని బండితోనే చెప్పి మళ్ళీ లోపలికి దూరాడు. తెడ్డు సంగతి అతనికి ఏం తెలుసు. ఆ తెడ్డుకు ముందు చెరకుగడ ఉంది. పోయిన ఏడాది నీళ్ళు వదిలిన రోజు ఆయన్ని ఎక్కించుకుని బయలుదేరాను. ఇంటి దగ్గర చల్లగానే ఉంది, పోరంకి దాటినా చల్లగానే ఉంది, కంకిపాడు సెంటర్లో ఒక పెళ్ళి ఊరేగింపు అడ్డం వచ్చింది. మిట్టమధ్యాహ్నం ముహూర్తం, బ్యాండు మేళం, డాన్సులు, ముందుకూ వెనక్కూ కదలని బస్సులు. అలా ఆగి ఉండగానే చల్లగాలి కాస్తా మామూలు గాలైంది, మామూలు గాలి వేడిగాలైంది. అద్దంలో చూస్తే వెనకాల ఆయన ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. ఏమండీ అంటే ఊ అన్నారు, రెండోసారి అంటే ఊ కూడా అనలేదు. సీసాలో నీళ్ళన్నీ ఆయన మీద కుమ్మరించి రోడ్డు మీదికి దిగి అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు, బ్యాండులో ఎవరికి వినపడుతుంది. చెరకురసం బండతను వచ్చాడు, ఒకప్పుడు ఎవరికో డ్రైవరుగా చేశాడట. బానెట్ ఎత్తమని, తన చేతిలో ఉన్న చెరకుగడ పెట్టి లోపల తిరుగుతున్న దాన్ని దేన్నో గట్టిగా నొక్కాడు. చెరకు పిప్పి ఎగిరింది, టక్కుమని చప్పుడైంది, లోపల మళ్ళీ చల్లగాలి. అతన్ని చూసే నేను వంటింటి తెడ్డుతో పొడవడం నేర్చుకున్నాను. బండిని అక్కడే వెనక్కి తిప్పుకుని ఇంటికొచ్చేశాను. నీళ్ళు చూడలేదు. ఆయన రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఈ ఏడాదంతా నీళ్ళ ఊసు ఎత్తలేదు, నేను మర్చిపోయారేమో అనుకున్నాను. మర్చిపోలేదు. మొన్న రాత్రి పక్కకు తిప్పుతుంటే, గోడవైపు ముఖం పెట్టి, ఈసారి వెళ్దామా దానా, అన్నారు. గోడను అడిగినట్టు అడిగారు. నేను ఊ అన్నాను. మధ్యరాత్రి నిద్రమత్తులో అన్న ఊ అది, అది కూడా లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. ఆయన విన్నారు కాబట్టి వస్తుంది.

జక్కయ్య నన్ను పిలిచి చూపించాడు. చూడాలని లేదు కానీ లేచి వెళ్ళాను, మోకాళ్ళు పట్టేశాయి. ఇంజనుతో పాటు ఎప్పుడూ తిరుగుతుండే పుల్లీ ఒకటి ఉందట, దాని ముందు చిన్న పళ్ళెం లాంటిది. మనం ఏసీ వేసినప్పుడు లోపలి అయస్కాంతం ఆ పళ్ళేన్ని లాక్కుని పుల్లీకి అంటిస్తుందట, అప్పుడుగానీ కంప్రెషరు తిరగదట. దాన్నే క్లచ్ అంటారు. ఏళ్ళ తరబడి అంటుకుంటూ వదులుతూ పళ్ళెం అరిగిపోయింది, మధ్యలో ఖాళీ పెరిగింది. చల్లపూట అయస్కాంతానికి బలముంటుంది కాబట్టి లాక్కోగలుగుతోంది. ఎండెక్కి, ఇంజను వేడెక్కి, ట్రాఫిక్కులో ఆగితే దానికి ఓపిక చాలడం లేదు. పళ్ళెం దగ్గరదాకా వచ్చి అందకుండా ఉండిపోతోంది. అంతా విని నేను నా గురించే చెప్తున్నాడేమో అనుకున్నాను. నేనూ పొద్దున పూట మంచిదాన్నే. పొద్దున ఆయనకు ముఖం తుడుస్తూ పాట కూడా పాడతాను. మధ్యాహ్నానికి మాట విసుక్కుంటాను, సాయంత్రానికి మాటే ఉండదు.

"ఈ బండికి కొత్త క్లచ్ దొరకదమ్మా. ఆ సామాను రావడం ఆగిపోయి చాలా ఏళ్ళయింది," అన్నాడు జక్కయ్య.

నా గుండె ఒక్కసారి తేలికైంది. అబద్ధం ఎందుకు, పండగలా అనిపించింది. "అయితే కాదంటారు," అన్నాను. గొంతులో బాధ పెట్టాలని చూశాను, కుదరలేదు.

"కాదని ఎందుకంటానమ్మా. ఒకటి చేసి చూద్దాం. పళ్ళెం వెనకాల పల్చటి వాషర్లు ఉంటయ్. ఒకటి తీసేస్తే పళ్ళెం ఆ మందాన దగ్గరికి జరుగుద్ది. పనిచేస్తే చేసినట్టు. మరీ దగ్గరైపోయినా కష్టమే, రాసుకుని కాలిపోద్ది. చూడాలి."

చూడాలి అని మళ్ళీ దూరాడు. నేను మళ్ళీ సీటు మీదికి. మధ్యలో బోల్టు పట్టేసి రాలేదు, పక్క షెడ్డులోంచి పెద్ద పానా తెచ్చాడు, దానికీ రాలేదు, ఏదో నూనె కొట్టి నానాలన్నాడు. నానుతోంది. ఎండ రేకుల మీద నుంచి దిగి నా నెత్తిన కూర్చుంది. ఎక్కడో డెంటింగు షెడ్డులో సుత్తి దెబ్బలు, వెల్డింగు వాసన, రోడ్డు మీద లారీ వెనక్కి వస్తుంటే దానితో పాటు ఒకతను రానీ రానీ రానీ అంటున్నాడు. ఆ రానీ రానీ వింటుంటే కళ్ళు మూతపడబోతున్నాయి, కానీ మూతపడవు. నా కళ్ళకు అలవాటు తప్పింది. రాత్రిళ్ళు రెండు గంటలకొకసారి ఆయన్ని పక్కకు తిప్పాలి, లేకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. అలారం పెట్టుకుంటాను కానీ అలారం కంటే ముందు నా చెయ్యే లేస్తుంది. చెయ్యి లేచి ఆయన నడుం కిందికి వెళ్తుంది, దిండు తీస్తుంది, ఇటు పక్క దిండు అటు పెడుతుంది, అప్పుడు నాకు మెలకువ వస్తుంది. ముక్క గుడ్డలు కలిపి కుట్టిన బొంతలాంటిది నా నిద్ర. కప్పుకుంటే ఎక్కడో అక్కడ కుట్లు ఊడి చలి తగులుతూనే ఉంటుంది. ఇదంతా ఎవరితో చెప్పను. ఆయనతో చెప్పకూడదు, చెప్తే రాత్రంతా మెలకువగా ఉండి, నొప్పి లేదులే తిప్పకు అంటారు. ఆయనకు ఎలాగూ నొప్పి తెలియదు, నాకు తెలుసు ఆ సంగతి.

ఆయన మెడ విరిగిన రోజు నేను అక్కడ లేను. బడిలో ఉన్నాను. రైతులు చెప్తే విన్నదే నాకున్న జ్ఞాపకం, కానీ ఎన్నిసార్లు తలుచుకున్నానో నేనే గట్టు మీద నిలబడి చూసినట్టు ఉంటుంది. శివారు చేలకు నీళ్ళు అందడం లేదని అందరూ వచ్చి తూము దగ్గర గొడవ చేస్తున్నారు. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి తూము తలుపుకు అడ్డం పడింది. అది తీయాలంటే కిందికి దూకి వేళ్ళు కోయాలి. ఎన్నేళ్ళుగా చేస్తున్న పని, చొక్కా విప్పి గట్టు మీద పెట్టి తలకిందులుగా దూకడం. కానీ పైన ఎక్కడో నీళ్ళ వంతు మారి రాత్రికి రాత్రే కాలువ తగ్గింది. గట్టు మీదున్న కొలత బల్ల చూస్తే తెలిసేది, కాలువ వైపు చూస్తే మాత్రం తెలియదు. గుర్రపుడెక్క నీళ్ళమీద చాపలా పరుచుకుని ఉంటుంది, ఊదారంగు పూలు పూసి ఉంటుంది. దాని కింద మనిషి లోతు నీళ్ళున్నాయా మోకాలు లోతున్నాయా పైనుంచి ఎవరికి తెలుస్తుంది. కాలువ పక్కన పుట్టినవాడికి అసలు అనుమానమే రాదు. పరాయి ఊరివాడైతే ముందు కాలు పెట్టి చూసేవాడు, బతికిపోయేవాడు. రైతులు చెప్పారు, ఆయన దూకాక చాలాసేపు పూలు కూడా కదల్లేదని.

ఫోను మోగింది. రూతు, ఆయన చెల్లెలు. మంగళగిరి నుంచి పొద్దున్నే వచ్చింది, నేను ఆటోనగర్‌లో ఉన్నంతసేపూ ఆయన దగ్గర కూర్చోడానికి. అది లేకపోతే నాకు ఇక్కడికి రావడమే కుదిరేది కాదు.

"వదినా, అయ్యిందా? అన్నయ్య అడగమన్నాడు."

"ఇంకా చూస్తున్నారే. కుదురుతుందో లేదో చెప్పడం లేదు."

వెనక నుంచి ఆయన గొంతు వినపడింది. "తొందరేం లేదని చెప్పు. ఎండగా ఉంటది అక్కడ, నీడన కూర్చోమను."

నీడనే కూర్చున్నానని చెప్పు, అన్నాను. పెట్టేశాక ఏడుపొచ్చినట్టయింది. కుదరదని గట్టిగా చెప్పి ఉండాల్సింది, దారి దొరికింది కదా, కొత్తది దొరకదన్నారు, అంతే, అని చెప్పేస్తే అయిపోయేది. ఎందుకు చెప్పలేదు. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాను, ఏమని చేయాలో తెలియలేదు. ఈ బండి బాగు చెయ్యి తండ్రీ అనలేను, పాడుచెయ్యి అనలేను. రెండూ ఒక్క నోటితో అడిగితే దేవుడు మాత్రం ఏం చేస్తాడు. పోనీ ఒక్క పూట నన్ను వదిలెయ్యి అన్నాను. అది ప్రార్థన కిందికి వస్తుందో రాదో పాస్టరుగారిని అడగాలి. ఇంటికి వెళ్ళి ఆయన్ని నలుగురి సాయంతో పలక మీదికి జరపాలి, సంచీలూ గొట్టాలూ సర్దాలి, నీళ్ళసీసాలు నింపాలి, మెడకు పట్టీ కట్టాలి, ఆ రోడ్డంతా బర్రె అడ్డమొచ్చినా సడన్ బ్రేకు వేయకుండా నడపాలి, నడుపుతూ అద్దంలో ఆయన రంగు చూసుకోవాలి, గట్టు మీద వెనక్కి తిప్పి నిలపాలి, అక్కడ ఆయన నురగ గీతను చూసి నవ్వితే నేనూ నవ్వాలి. అన్నిట్లోకీ ఆ నవ్వడమే కష్టం. పోయిన ఏడాది ఆ ఎర్రటి ముఖం చూసినప్పటి నుంచి నాకు ఆ కాలువన్నా ఆ నీళ్ళన్నా ఒళ్ళు మండుతుంది. ఒకసారి మెడ విరిచింది చాలదూ, ఇంకోసారి ప్రాణం మీదికి తెచ్చింది చాలదూ, అయినా ఈ మనిషికి దాని మీదే ప్రేమ.

బోల్టు ఊడింది. జక్కయ్య పళ్ళెం బయటికి తీసి, వేలికొనతో వాషరు ఒకటి లాగాడు. గోరంత మందం కూడా లేదు. అది జారి కింద పడింది, నూనె మరకల్లో చాలాసేపు వెతికి దొరికాక, మళ్ళీ అవసరమొస్తదేమోనమ్మా, అని జేబులో వేసుకున్నాడు. పళ్ళేన్ని గీకి శుభ్రం చేసి, మళ్ళీ బిగించి, స్టార్టు చేసి ఏసీ వేశాడు. టక్కుమంది. పట్టుకుంది. బాగైంది. ఇంక చెప్పడానికి సాకేం మిగల్లేదు, వెళ్ళాలి.

"ఇప్పుడే అయినట్టు కాదమ్మా," అన్నాడు జక్కయ్య. "వేడి మీద పట్టుకుని ఉంటేనే బాగైనట్టు. బండిని ఎండలో పెడతాను. మీరు లోపల కూర్చుని గాలి చూస్తుండండి. వేడిగాలి వస్తే నన్ను కేకెయ్యండి. ఓ అరగంట నడవనిద్దాం."

లోపల కూర్చుని తలుపు వేశాను. సుత్తి చప్పుడు దూరంగా వెళ్ళిపోయింది. గాలి ముందు వేడిగా, తర్వాత చల్లగా, మోకాళ్ళ మీద, మెడ మీద, చెమట పట్టిన జాకెట్టు వీపుకు అంటుకుని చల్లబడుతోంది. గాలి చూస్తుండాలి. చల్లగానే ఉంది. ఈ బండిలో నేనొక్కదాన్నే ఎప్పుడు కూర్చున్నానో గుర్తు రాలేదు, అద్దంలో చూస్తే వెనక ఎవరూ లేరు, ఎవరి రంగూ చూడక్కర్లేదు. చల్లగానే ఉంది. రూతు తిప్పిందో లేదో, ఎడమ పక్కకు తిప్పే వేళ, ఎడమ మోచెయ్యి కింద చిన్న దిండు పెట్టాలి, చెప్పాను దానికి, చెప్పానా. చెయ్యి లేవబోయింది. తిప్పడానికి ఎవరూ లేరు, చెయ్యి ఒళ్ళో పడింది. చల్లగానే ఉంది. గట్టు మీద క్వార్టరు, కిటికీ తీస్తే ఇలాగే గాలి, బియ్యం కడిగిన నీళ్ళు పారబోస్తే చేపపిల్లలు, ఆయన కాలువలోంచి తల పైకెత్తి జుట్టు విదిలించి దానా తువ్వాలు అందుకో అంటున్నారు, అందిస్తున్నాను, రానీ రానీ రానీ అంటున్నారు ఎవరో, నీళ్ళనే రమ్మంటున్నారు కాబోలు, చల్లగానే

కళ్ళు తెరిచేసరికి వెలుగు మారిపోయి ఉంది. ఎక్కడున్నానో తెలియలేదు. నా చెయ్యి ఆయన నడుం కోసం వెతికింది, స్టీరింగు తగిలింది. మెడ ఒక పక్కకు పట్టేసింది. నోటి పక్కన తడి. ఇంజను నడుస్తూనే ఉంది, గాలి చల్లగా వస్తూనే ఉంది. అద్దంలోంచి చూస్తే షెడ్డు నీడ రోడ్డు దాటి అవతలి గోడెక్కింది, చాలా షెడ్లకు తలుపులు దించేశారు. నేను కూర్చున్న పాత సీటు మీద ఇప్పుడు జక్కయ్య కూర్చుని ఉన్నాడు, పక్కనే నా ఫోను. ఫోను అక్కడే వదిలేసి వచ్చానన్నమాట. తలుపు తీసుకుని దాదాపు పడినట్టే దిగాను.

"లేపలేదేమిటండీ?" అన్నాను. గొంతు బొంగురుపోయింది.

"మీ ఫోను చాలాసార్లు మోగిందమ్మా. పరాయివాళ్ళ ఫోను ఎత్తటం ఎందుకని ఊరుకున్నాను. మరీ మోగుతుంటే ఎత్తాను. మీ ఆయనగారు మాట్లాడారు."

"ఏమన్నారు?"

"మా ఆవిడ ఉందా అన్నారు. ఉన్నారండీ, బండిలో నిద్రపోతున్నారు, లేపమంటారా అన్నాను. బాగా నిద్రపోతుందా అన్నారు. బాగా పోతున్నారండీ అన్నాను. అయితే లేపొద్దన్నారు. ఏసీ పని చేత్తందా అనడిగారు, చేత్తందండీ అన్నాను. అయితే దాన్ని ఆపకండి, ఆపితే లేస్తది, అన్నారు. డీజిలు అయిపోతే పోయించమన్నారు. అందుకని నేనూ ఇంటికి పోలేదు."

ఆపితే లేస్తుంది. ఇన్నేళ్ళ రాత్రుల్లో నేను ఆయన్ని తిప్పుతున్నాననే అనుకున్నాను, ఆయన నన్ను చూస్తున్నారని అనుకోలేదు. గోడవైపు ముఖం పెట్టుకుని నా నిద్ర ఎక్కడ తెగుతుందో వింటూ ఉన్నారు. నీళ్ళు ఈపాటికి తూము దగ్గరికి వచ్చేసి ఉంటాయి. నురగ గీత దాటిపోయి ఉంటుంది, ఎండాకులూ చెప్పులూ దాటిపోయి ఉంటాయి. ఏడాదంతా ఎదురుచూసి, ఒక్కమాట చెప్తే నేను లేచి పరిగెత్తుకొచ్చేదాన్నని తెలిసి, ఆ మాట చెప్పకుండా మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉన్నారు. కోపం వచ్చింది నాకు, చెప్పలేనంత కోపం. ఆ కోపంలోనే ఏడుపు వచ్చేసింది, జక్కయ్య తల పక్కకు తిప్పుకుని పానాలు సర్దుకున్నాడు.

ఫోను చేశాను. రూతు ఎత్తి, అన్నయ్యను నేను తిప్పాను వదినా, నువ్వేం కంగారు పడకు, అని ఆయన చెవి దగ్గర పెట్టింది.

"నిద్ర పట్టిందా?" అన్నారు.

"లేపమని ఎందుకు చెప్పలేదు మీరు? నీళ్ళు వచ్చేసుంటాయి."

"వచ్చేసుంటయ్. రానీ. మొదటి నీళ్ళే చూడాలని ఏముంది, ఇయ్యాల కాకపోతే ఇంకో రోజు." అక్కడితో మాట మార్చారు. "ఎంతసేపు పడుకున్నావో తెలుసా నువ్వు?" ఆ అడగడంలో ఎంత సంతోషం ఉందంటే, గట్టు మీద నిలబడి మాట్లాడినట్టు ఉంది.

"తయారుగా ఉండండి. వస్తున్నాను. వెళ్దాం."

"ఇప్పుడా? చీకటి పడుద్ది దానా. ఏం కనపడదు అక్కడ. పొద్దున్నుంచి ఎండలో ఉన్నావు, అలిసిపోయి ఉంటావు, వచ్చి పడుకో."

కంకిపాడు దాకా ఆ రోడ్డంతా తలుచుకున్నాను, పలకా, సంచీలూ, గొట్టాలూ తలుచుకున్నాను. ఒక్కటీ తగ్గలేదు, అన్నీ అంతే బరువుగా ఉన్నాయి. అయినా వెళ్ళాలని ఉంది. ఆయన కోసం కాదు, ఆ గట్టు మీద ఆయన పక్కన కూర్చోవాలని నాకే ఉంది.

"నాకు నిద్ర రావడం లేదండీ," అన్నాను.